పదమూడోది

పురుషోత్తంపూర్ దాటాక రోడ్డు పొలాల్లోకి దిగింది.
మేజిక్ బండిలో పదకొండుమంది పిల్లలు,
పులిహోర డబ్బా, చాలీచాలని నీళ్లు.
బరంపురంలో మొదలైన అంత్యాక్షరి
రుషికుల్య వంతెన మీద
'ళ' దగ్గర ఆగిపోయింది.

ఏడో తరగతి పుస్తకంలో రోము నగరం బొమ్మ ఒకటుంది.
సగానికి విరిగినా నిటారుగా నిలబడ్డ పాలరాతి స్తంభాలు,
వాటి మధ్య అచ్చులో కాస్త పక్కకు జరిగిన నీలం ఆకాశం.
శిథిలమంటే అదేననుకుని వచ్చారు వీళ్లు.
దిగీ దిగగానే తవిటేశు అడిగాడు:
"స్తంబాలేవి టీచరూ?"

స్తంభాల్లేవు.
చుట్టూ మట్టికట్ట,
దాని మీద మేకలు, రేగుకంప.
కోట నడిమధ్య ఎవరో మినుములు ఆరబోశారు.
ఇటుకలు ఎప్పుడో ఊళ్లోకి నడిచిపోయి
పశువులపాకల్లో కాపురం పెట్టాయి.
ఎక్కడ అడుగేసినా కాలికింద ఒక కుండపెంకు.
ఏ పూట ఎవరు కడిగి బోర్లించిందో.

కాపలా ఉచ్ఛబ నాహక
బీడీ ఆర్పి చెవిమీద పెట్టుకుని
ఒడియాలో కథ అందుకున్నాడు:
ఈ కోట లక్కతో కట్టింది.
ఎక్కబోయిన శత్రువుకల్లా కాలు జారేది.
ఒకరోజు పాలమ్ముకునే ఆవిడకు నోరు జారింది.
అంతే, నిప్పు.
"జౌ అంటే లక్క" అని నేను తెలుగులో అందుకోబోతే
పిల్లలు నావంక జాలిగా చూశారు.
వాళ్లకు ఒడియా నాకంటే బాగా వచ్చు.
వీధిలో, కొట్లో, దెబ్బలాటలో, బహుశా కలలోనూ.
తెలుగు వాళ్లింట్లో అమ్మ తిట్టే మాట,
నా దగ్గర వారానికి ఆరు పీరియడ్ల రాత.

బండకు ఇనుప కటకటాలు.
ఎండకు కాలిన ఊచల్ని కొంగుతో పట్టుకుని
లోపలికి చూస్తున్నాను.
"టీచరూ, లెక్క!" అంది కుసుమాంజలి.
నిజమే, బండ నిండా కూడిక గుర్తులు.
లెక్క కాదే, అది మన 'క'.
రెండువేల ఏళ్లకు పైగా నడిచి నడిచి
నడుం వంగి, తలకట్టు చుట్టుకుని
నీ కాపీ పుస్తకంలోకి వచ్చింది.
అదిగో, సున్నాలో చుక్క. అది 'థ'.
ఇంత దూరం వచ్చినా
చుక్కని ఎక్కడా పారేసుకోలేదు చూడు.

ఇక పావుగంట ఒకటే వెతుకులాట.
'క' దొరికితే మార్కు, 'థ' దొరికితే ఐదు.
తవిటేశు స్తంభాల సంగతి మర్చిపోయాడు.

నేను మర్చిపోలేనిది ఒకటుంది.
ఈ రాజు చాలాచోట్ల రాళ్లమీద రాయించాడు:
కళింగంలో లక్షమంది చచ్చారు,
నా మనసు మనసులో లేదు, అని.
పదమూడో శాసనం అది.
పడమటి కొండల్లో ఉంది, ఎక్కడో ఎడారి దాపులోనూ ఉంది.
ఇక్కడ లేదు.
ఇక్కడ పది తరవాత పద్నాలుగు.
చంపినచోట చెప్పలేదు.
ఈ ఊరివాళ్లకని విడిగా ఇంకోటి చెక్కించాడు:
మనుషులందరూ నా బిడ్డలే.

హ్యాండ్‌బ్యాగులో జిల్లా ఆఫీసు కాగితం,
నాలుగు మడతలు.
వచ్చే ఏడాది నుంచి తెలుగు సెక్షను ఉండదు.
వంతెన మీద చెబుదామనుకున్నాను.
కట్ట ఎక్కాక అనుకున్నాను.
పులిహోర అయ్యాక.
డబ్బా కడిగేశారు కూడా.
"రండర్రా, నా బిడ్డల్లారా" అన్నాను,
ఎప్పుడూ అనే మాటే.
ఈసారి అది బండలోంచి వచ్చినట్టు వినబడి
చాలాసేపు ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

తిరుగుదారిలో కిటికీ అద్దం దుమ్ములో
ఎవరో వరసగా కూడిక గుర్తులు గీశారు.
అంత్యాక్షరి 'ళ'ని ఒగ్గేసి
'క' నుంచి మళ్లీ మొదలైంది.
వంతెన రాకముందే కాగితం బయటికి తీశాను.
అది ఒడియాలో ఉంది.
కుసుమాంజలి చేతికిచ్చి, గట్టిగా చదవమన్నాను.
నాకంటే బాగా చదువుతుంది కదా.
మొదటి రెండు వాక్యాలు గడగడా చదివింది.
మూడో దాని దగ్గర వేలు పెట్టుకుని,
నెమ్మదిగా,
ఒక్కో అక్షరం.