రాయడానికి వీల్లేదు

కొరిటెపాడు. యార్డు వైపు నుంచి గాలి మళ్లింది, తుమ్ములు.
కోల్డ్ స్టోరేజీ లెక్కల ఫైలు తెరిచాను,
నలభై టిక్కీల తేడా దిద్దాలి.
చదవడానికి మాత్రమే, అంది తెర.

రైట్ క్లిక్, ప్రాపర్టీస్. టిక్కు తీసేశాను.
మళ్లీ చూస్తే అక్కడే ఉంది, జిడ్డుమచ్చలా.
ఓనరు పేరుండాల్సిన చోట
ఎవరిదో తెలీని అంకెల తోక.
పోయినేడు ఫార్మాట్ చేసిన కుర్రాడు
సగం ఇల్లే ఖాళీ చేశాడన్నమాట.

మంచమ్మీద వెల్లుల్లి వలుస్తూ రాహేలు మామ్మ:
"ఏమంటందే అది?"
"చదవొచ్చంట. రాయకూడదంట."
"మా నాన్నా అదే అన్నాడు.
రాత వస్తే ఉత్తరాలు రాస్తానని
పుస్తకం ఇచ్చి పలక దాచాడు."
"మరి?"
"గోడుంది, బొగ్గుంది."

ఓనరుగా నా పేరు పెట్టాను. ఫుల్ కంట్రోల్.
టిక్కీల తేడా దిద్దేలోపే
ఖాళీ గడిలో మామ్మ వేలు,
ఏ భాషో తెలీని ఏడక్షరాలు.

సేవ్ చేశాను.
కీబోర్డంతా వెల్లుల్లి.