మోరీకి అవతల

మాగడి రోడ్డు వెనక మా సందులో
మోరీ ఊరికే ఉండేది
దోమలకీ, జారిపోయే పిల్లల చెప్పులకీ.
కొత్త మ్యాపు వచ్చినాక
అదే సరిహద్దయింది.

మారెక్క పదకొండేండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి
అవతలి వైపుకు కొళాయి తెప్పించింది.
ఆ నీళ్లు పట్టుకునే నూట నలభై ఓట్లు
ఇప్పుడు వేరే వార్డు.
సొంత చెల్లెలి ఓటూ అందులోనే.

బదులుగా మాకు కలిపినవి
లిఫ్టులున్న రెండు అపార్ట్‌మెంట్లు.
గేటు కాడ సెక్యూరిటీ ఆయన
మా కరపత్రాలు మర్యాదగా తీసుకొని
మడిచి, ఊగే కుర్చీ కాలికింద పెట్టుకున్నాడు.

"గీత గీసినోడు ఈ వాసన చూసుంటాడా?"
గంగులమ్మత్త అడిగింది.
లేదత్తా,
పైనుంచి చూస్తే ఇది
సన్నటి నీలం ఏరులా కనపడుంటుంది.

అరవై మూడు ఓట్లతో ఓడిపోయింది మారెక్క.
ఆ రాత్రి టెంటు విప్పుతుంటే
అవతలి నుంచి నలుగురు బిందెలతో వచ్చినారు,
వాషర్ పోయి నీళ్లన్నీ పోతున్నాయని.
మీ కార్పొరేటర్ నేను కాదు కదా అంటుందనుకున్నా.

కొంగు దోపుకొని
మోరీ మీద బండ దాటుతూ అడిగింది:
"స్పానరు ఎవరింట్లో ఉంది?"