చుట్టు లెక్క

మాట్లాడించకూడదు.
మా ఇంట్లో అక్షరాల కంటే ముందు నేర్చుకున్న పాఠం అది.
నాన్న తీగ చుడుతుంటే పెదాలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు.
అన్నానికి పిలిస్తే ఎడమచేతి చూపుడువేలు లేచేది.
అంటే, ఆగు.
అంటే ముప్పై తొమ్మిదో, నలభయ్యో.
పప్పు చల్లారినా సరే, అంకె జారిపోకూడదు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు వెనక
పీచుదుమ్ము వాలే సందులో
'చంద్రం మోటారు వైండింగ్' అని
ఎర్రరంగుతో తనే రాసుకున్న రేకు.
సున్నా దగ్గర రంగు కారి, ఎండి, అలాగే ఉండిపోయింది.
మట్టపర్తి సూర్యచంద్రం అన్న నిండు పేరు
రేషన్ కార్డులోనూ నా పెళ్లి శుభలేఖలోనూ తప్ప
ఎక్కడా చూడలేదు నేను.

కాలిన మోటారు వస్తే ముందు వాసన చూసేవాడు,
అమ్మ చారు దించబోయే ముందు చూసినట్టు.
"ఓల్టేజీ చంపేసిందండి. మీ తప్పేం లేదు, ఆయ్."
తప్పు రైతుదే అయినా అదే మాట.

"చేను పొట్ట మీదుంది చంద్రం" అని ఎవరైనా అంటే
ఆ రాత్రి ఇంటికొచ్చేవాడు కాదు.
స్లాట్లలో వెదురు చీలికలు దిగ్గొట్టి,
వార్నిష్ ఆరడానికి మోటారు కడుపులో
రెండొందల వాట్ల బల్బు వేలాడదీసి,
పక్కనే గోనె పరుచుకొని పడుకునేవాడు.
క్యారేజీ పట్టుకెళ్లిన నేను
ఆ వెలుగులోనే ఎక్కాలు చదివాను.
నాకిప్పటికీ పన్నెండో ఎక్కం వార్నిష్ వాసనేస్తుంది.

తొంభై ఆరు తుపానుకి
కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాక
మోటార్లు బురద మింగి వచ్చాయి.
సందు చివరిదాకా వరస,
సైకిళ్ల మీదా, ఎడ్లబళ్ల మీదా, ఒకటి ఉయ్యాల మంచం మీద.
కరెంటు లేదు, బల్బు లేదు.
ఊకపొయ్యి సెగ మీద ఆరబెట్టాడు ఒక్కోదాన్నీ,
"తీగలు లేచేసరికి ఇవి తయారుగా ఉండాలి కదండి."
సగం డబ్బు తీసుకొని సగం పుస్తకంలో రాశాడు.
ఆ సగానికి వెళ్లి రమ్మని అమ్మ అన్నప్పుడల్లా
తీగ చేతిలో లేకపోయినా
చూపుడువేలు లేచేది.

కాలిన రాగి చుట్టినవాడిదే. ఏ ఊళ్లోనైనా అదే ఆనవాయితీ.
నాన్న మాత్రం తూచి, గుడ్డసంచిలో మూటగట్టి
మోటారుతోపాటే పంపేసేవాడు.
"కాలినా ఆళ్లదే."
ఆ ఒక్క మాట మీద
రోల్డుగోల్డు గాజుల చేత్తో అమ్మ
ఎన్ని గిన్నెలు ఎత్తేసిందో.

పోయిన మాఘంలో కొట్టు ఖాళీ చేస్తుంటే
ఆ పుస్తకం దొరికింది.
అయిదు హెచ్‌పీ. ముప్పై ఆరు స్లాట్లు. చుట్లు నలభై ఎనిమిది.
పేజీ తర్వాత పేజీ, వేలిముద్రల మధ్య అంకెలు.
ఒకచోట మాత్రం:
"సూరంపూడి వారి మోటారు. పాతరాగి నాలుగు కేజీలు. ఇవ్వలేదు."
సంజాయిషీ లేదు. కొట్టివేత లేదు.
తేదీ చూశాను.
నేను అమలాపురం ఆసుపత్రిలో
టైఫాయిడ్‌తో పడున్న వారం.
తర్వాతి పేజీలన్నీ వెతికాను,
తిరిగిచ్చినట్టు ఎక్కడా లేదు.
అయితే నా ఒంట్లో
నాలుగు కేజీల రాగి ఉందన్నమాట.
సూరంపూడి వారి చేలో ఇప్పుడు రొయ్యల చెరువు,
వాళ్లెవరూ ఊళ్లో లేరు.
అప్పు ఎవరికి తీర్చాలో తెలీక
పుస్తకం నాతోనే తెచ్చుకున్నాను.

అంతకు ముందు కార్తీకంలో
అదే ఆసుపత్రి, ఆయనకి.
రెండు రోజులుగా మాట లేదు.
బొటనవేలూ చూపుడువేలూ
దుప్పటి అంచు దారం ఒకటి దొరకబుచ్చుకొని
మెల్లగా తిప్పుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి.
"నాన్నా" అన్నాడు తమ్ముడు.
ఎడమచేతి వేలు కొంచెం లేచింది.
పిలుస్తున్నాడనుకొని వాడు మీదికి వంగబోయాడు.
వాడి భుజం పట్టి వెనక్కి లాగాను.
లెక్కలో ఉన్నాడు.