చల్లారే దాకా

సీహామ్‌లో, డోరీన్ ఇంటి వెనక షెడ్డులో
బట్టీ నిన్న రాత్రి నుంచి మూసే ఉంది.

గాజుపలక మీద ఆవిడ పేర్చినవి పెద్ద సంగతులేం కావు:
పక్కింటి తీగ మీద జత కలవని మూడు సాక్సులు,
చెత్తడబ్బా అంచున ఒక నల్లపిట్ట,
వానకి వాలిపోయిన ఉల్లికాడలు.
వాటి మీద పచ్చగాజు పొడిని
దోసె మీద కారప్పొడిలా
టీ వడపోతతో చల్లింది.

నేనూ ఒక ముక్క తెచ్చాను,
ఒడ్డున దొరికింది, ఏ కాలపు సీసాదో,
సముద్రం అరగదీసి అరగదీసి వదిలేసింది.
పిట్టకి కన్నుగా పెడదామన్నాను.
వద్దంది.
"కరగడానికేం, అన్నీ కరుగుతాయి.
చల్లారేటప్పుడే తెలుస్తుంది
ఏది దేనితో ఇమడలేదో."

పోయినేడు ఒకటి అలాగే
అరలో పెట్టిన తొమ్మిదో రోజున
ఎవరూ ముట్టకుండానే టప్పున చీలిందట.
ఆ పెంకులిప్పుడు టమాటా కుండీలో
నత్తలకి కాపలా.

పొద్దున్న ఏడింటికి బట్టీ మీద అంకె నూటపది.
చెయ్యి చాచబోతే
"ఇంకా కాదు" అంది, టీ చల్లార్చుకుంటూ.

నా డ్యూటీకి వేళైంది.
బస్సులో, కోటు జేబులో, ఆ ముక్క
నా వేళ్ళకి వెచ్చబడుతోంది.
పిట్టకి కన్ను ఏం పెట్టిందో
సాయంత్రం చూడాలి.