మళ్ల మొదటికి

మిర్యాలగూడ బియ్యం మిల్లుల రాత్రి డ్యూటీ.
చెవుల మూడొందల ఏండ్ల కిందటి ఏడుపు.
భాష నాకు రాదు, ఇటలీదట.
కింద ఏదో తీగవాయిద్యం
నాలుగే నాలుగు మెట్లు దిగుతది,
పైకొచ్చి మళ్ల అవే నాలుగు.
పైన ఆమె మాత్రం
దిగుడెట్లనో తెల్వనట్టు
ఒక్క అక్షరాన్నే పట్టుకొని వణుకుతది.

అయిపోయిందనుకుంటే
మొదటికొచ్చింది. అవే మాటలు,
ఈసారి ఇంకిన్ని గమకాలు.

బుచ్చవ్వ యాదికొచ్చింది.
మొగడు పోయిన్నాడు
హాలియా బస్సు దిగి ఎవరొచ్చినా
వాళ్ల మెడ పట్టుకొని మొదటి నుంచి ఎత్తుకునేది:
'బత్తాయితోటకు నీళ్లు గట్టొస్తనంటివి గదనే...'
ఒక్కో చుట్టానికి ఒక్కో మాట కలిపేది.
నడుమల ఆపి
'కోడలా, దూడ ఇప్పుకున్నది సూడు' అని
ఇడిచిన శ్రుతిలనే అందుకునేది.
మేం పిల్లలం, నవ్వాపుకోలేక
గడ్డివాము ఎనకకు ఉరికినం.

పదకొండో దినం దాటినంక
ఎవ్వరూ రాలే.
కడప మీద కూసొని
బస్సు హారన్ ఇనబడితే సాలు
గొంతు సవరించుకునేది.

మిల్లు మోత కింద
పాట ఆగిపోయింది.
నేను మళ్ల మొదటి నుంచి పెట్టిన.
ఎవరో ఒకరు
బస్సు దిగాలె గద.