తేదీ లేని సంతకం

ఎమాయొగి అంటే తల్లి ఏరు.
మార్చి మొదటి వారం. టార్టు ఊరి మధ్య
దాని మీద మంచు బూడిదరంగు తిరిగింది.
నడవడానికి పనికిరాదు, పడవకూ పనికిరాదు.

ఆదివారమైనా వాటికి ఆకలే.
బూట్ల మంచు గుమ్మంలో దులిపి
ఉర్వె, నేను, గులాబీరంగు మేత మారుస్తాం.
ఎలుక పిండంలోంచి ఎప్పుడో తీసిన కణాలు,
ఇంకా ఏమీ కానివి,
ఏదైనా కాగలిగినవి.

"ఏదైనా అనకు లేలో," అంటుంది ఉర్వె,
ముప్పై నాలుగేళ్లుగా ఈ బల్ల దగ్గరే నిలబడ్డ మనిషి.
"సోమరిపోతుల గురించి చెప్పినట్టుంది.
ఆగి ఉండడానికి ఇవి పడే పాటు చూడు."

చూద్దామంటే కంటికి ఆనదు.
కండెకు నూలు చుట్టినట్టు
హిస్టోన్లకు డీఎన్ఏ,
ఒక్కో కండెకు రెండు చుట్లు, కాస్త తక్కువ.
కండెలోంచి బయటికి వేలాడే తోక మీద
నాలుగో పూసకు మూడు మిథైల్ చుక్కలు: చదువు.
ఇరవై ఏడో పూసకు అవే మూడు చుక్కలు: చదవొద్దు.
వెన్నునూ గుండెనూ కాలివేళ్లనూ
రాయవలసిన జన్యువుల దగ్గర
రెండూ.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.
ఇక్కడ ఎవరికీ కోపం లేదు.
నోరు తెరిచే ఉంది, అంతే.
చదివే యంత్రం మొదటి అక్షరం దాకా వచ్చి
అక్కడే వేలు పెట్టుకుని కూర్చుంది.

నేను నమ్మలేదు.
సగం కణాల్లో ఒక గుర్తు, సగంలో రెండోది,
కలిపి కొలిస్తే రెండూ కనబడవా, అన్నాను.
ఉర్వె వాదించలేదు. పని చెప్పింది.
ఒక గుర్తును పట్టే యాంటీబాడీతో వల వెయ్యి.
పడినదాన్ని విడిపించి
దాని మీదే రెండో వల వెయ్యి.
మూడుసార్లు ఖాళీ వల.
నాలుగోసారి, శుక్రవారం రాత్రి పది దాటాక,
తెర మీద గీత లేచింది. ఒకే చేప.
ఉర్వె తన థర్మాస్ మూతలో
చల్లారిన కాఫీ పోసి ఇచ్చింది.
ఆమె మెచ్చుకోవడం అంతవరకే.

ఆ రాత్రే పైపెట్ కొనల కోసం ఆమె సొరుగు లాగాను.
పదవీ విరమణ ఉత్తరం. కింద సంతకం,
తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. సిరా పాతబడింది.
దాని మీద, సారెమా ద్వీపం నుంచి చెల్లెలు ఐత పంపిన
ఫెర్రీ టికెట్టు, ఏ రోజుకైనా చెల్లేది.
సొరుగు మూశాను.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.

తర్వాత నేనో తప్పు చేశాను.
"ఉండండి, ఇప్పుడే కాదు" అని కణాలకు
రోజూ చెప్పే ప్రొటీన్ ఒకటి ఉంది.
అది కలపని సీసాలోంచి
పన్నెండు రోజులు ఒక పళ్లేనికి మేత పోశాను.
మైక్రోస్కోప్ కింద చూస్తే పళ్లెమంతా గందరగోళం:
కొన్ని నరాల్లా చేతులు చాచాయి,
చాలా వరకు ఊరికే చచ్చాయి,
ఒక మూల, ఆవగింజలో సగం లేని చోటు
కదులుతోంది. ఆగుతోంది. కదులుతోంది.

పారబోయబోతే ఉర్వె నా మణికట్టు పట్టుకుంది.
కన్ను కటకానికి ఆనించి లెక్కపెట్టింది.
నిమిషానికి నలభై ఒకటి.

ఆ కణాల్లో గుండె జన్యువు మీద
ఇరవై ఏడో పూస చుక్కలు చెరిగిపోయి ఉండాలి.
పక్కన చేతులు చాచిన కణంలో
అదే జన్యువు మీద చెరిగింది నాలుగోది.

"ఎవరు చెప్పారు దీనికి?" అంది,
కన్ను తీయకుండానే.
తుడిచే ఎంజైముల పేర్లు నాకు తెలుసు.
ఆమె అడిగింది అది కాదు.

సోమవారం మళ్లీ సొరుగు లాగాను,
ఈసారీ కొనల కోసమేనని చెప్పుకుంటూ.
ఉత్తరం అక్కడే ఉంది,
తేదీ దగ్గర ఖాళీ అలాగే ఉంది.
టికెట్టు లేదు.