రెండువందల పదకొండో పేజీ

మొదటి భాగం చివరి వాక్యం
నన్ను నెలల తరబడి మెట్ల మీదనే నిలబెట్టింది.
బావిల దొరికిన చెప్పు ఇరావతిది కాదట.
అంతే, పుస్తకం అయిపోయింది.
డీజిల్ కాలనీల కరెంటు గూడ అప్పుడే పోయింది.
సఫూరా, నేను ఒక్కసారే "అరె!" అన్నం,
ఒకరం కరెంటుకు, ఒకరం చెప్పుకు.

ఇద్దరికీ ఒకటే పుస్తకం, సగం సగం పైసలు.
ముందు ఆమె చదవాలె, తర్వాత నేను.
ఆ రూలు ఎవరు పెట్టిన్రో యాదికి లేదు,
ఆమెనే పెట్టి ఉంటది.
అంచుల పెన్సిల్‌తోని రాసి ఇచ్చేది:
"డ్రైవర్ని చూడు, మల్ల చేతులు కడుగుతున్నడు."
డ్రైవరు పాపం మంచోడు.
"వంటామెను నమ్ము."
విషం కలిపిందే వంటామె.
రాసినాయన ఒక అబద్ధం వండి పెడితే
సఫూరా దాని మీద ఇంకో మూత పెట్టేది.
రెండు మూతలు తీసుకుంట చదివేదాన్ని,
చెయ్యి కాలేది, నవ్వొచ్చేది.

ఇప్పుడు రెండో భాగం.
బల్లార్షా నుంచి వచ్చింది,
పాత క్యాలెండర్ల ఫిబ్రవరి చింపి చుట్టి.
వాళ్ళ అబ్బా లోకో పైలట్,
బదిలీ అయి వాళ్ళు పోయింది ఆ నెలనే.
పోయేరోజు నేను స్టేషన్‌కు పోలె.
ప్రాక్టికల్స్ ఉన్నయని చెప్పిన.

జువాలజీ గైడు నడుమ పెట్టుకొని చదువుతున్న.
నాది లాంగ్ టర్మ్, అది గూడ రెండో భాగమే.
రెండోసారి రాస్తే అల్కగ ఉంటదంటడు నాయన.
ఆయన ఎన్నడూ సీక్వెల్ చదవలె.

మొదటి పేజీల్నే ఇరావతి అంటది:
"ఆ డైరీ రాసింది నేను కాదు."
మరి మూడువందల పేజీలు
నేను ఎవరి ఏడుపు ఏడ్చిన?
లేచి మొదటి భాగం తీసి చూసిన.
నిజమే, "నేను" అని ఉన్నకాడ ఎక్కడా పేరు లేదు.
ఎవరూ దాచిపెట్టలె.
పేరు నేనే పెట్టుకున్న.

యార్డుల గూడ్సు బండిని జోడిస్తున్నరు.
ఒక డబ్బా గుద్దితే వెనుక డబ్బా,
దాని వెనుకది,
ఆ సప్పుడు ఫాతిమానగర్ దిక్కు ఉరికి పోతది.
ఈ పుస్తకం గూడ గట్లనే,
నలభయ్యో పేజీల గుద్దితే
ఎప్పటిదో మొదటి భాగంల ఒక తలుపు అదురుతది.

నలభయ్యో పేజీ అంచుల సఫూరా: "తమ్ముడే."
తొంభై ఏడుల: "తమ్ముడు కాదు. సారీ."
నూట అరవైల ఉత్త ప్రశ్న గుర్తు,
దాని కింద టీ మరక.
రెండువందల పదకొండుల,
ఇరావతి తాళంచెవి తిప్పుతున్నకాడ,
సన్నగ, వత్తకుండ:

"నీ ప్రాక్టికల్స్ తెల్లారి నుంచి ఉండె.
నాకు అప్పుడే తెలుసు.
నేను ఇక్కడ ఆపిన. ఈసారి నువ్వు ముందు."

రెండువందల పన్నెండు నుంచి
పేజీలు తెల్లగ ఉన్నయి.
ఒక్క గీత లేదు, ఒక్క మూత లేదు.
తాళంచెవి గట్లనే సగం తిరిగి ఉంది,
నేను చానాసేపు చేత పట్టుకొని కూసున్న.

పొద్దుగాల నాలుగింటికి అయిపొయింది.
ఎవరో మీకు చెప్ప.
అనుకున్నోళ్ళు మాత్రం కాదు.

పెన్సిల్ చెక్కిన.
ఆమె రాసిన దాని కింద
మూడుసార్లు రాసి మూడుసార్లు రబ్బర్ పెట్టిన,
కాగితం పల్చగయ్యి వెనుక అక్షరాలు కనబడ్డయి.
నాలుగోసారి నిజం రాసిన:
బండి కదులుతుంటే చెయ్యి ఊపుడు నాతోని కాదని.

రెండువందల పన్నెండు నుంచి మాత్రం
ఆఖరి దాంక అబద్ధాలే రాసుకుంట పోయిన.
"వాచ్‌మెన్ కుక్కను చూడు."
"అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పి నిజమేనా?"
"తమ్ముడే, నువ్వు మొదలు చెప్పిందే కరెక్టు."

ఆ క్యాలెండర్ కాగితాన్నే తిరగేసి చుట్టిన.
ఫిబ్రవరి లోపలికి పోయింది.
పోస్టాఫీసుల ఆయన తూకం పెట్టి అడిగిండు,
"లోపట ఏమున్నయమ్మా?"
"పుస్తకం సార్," అన్న.
అది గూడ సగమే నిజం.